పద్యమై నడిచిన కథలు, బడి గడప దాటని కథలు

పల్నాడులోనూ, ప్రకాశం పడమటి మండలాల్లోనూ సంక్రాంతి దాటిందంటే హైస్కూలు హాజరు పట్టీలో గైర్హాజర్లు పెరుగుతాయి. పత్తి తీత చివరికొచ్చి మిరప కోతలు మొదలయ్యే రోజులవి. నల్లమల అంచు గూడేల నుంచీ, తండాల నుంచీ కుటుంబాలు మేస్త్రీ వెంట కోతలకు దిగుతాయి. పెద్దపిల్లలు అమ్మ పక్కన సాలు పట్టి కాయ కోస్తారు. చిన్నవాళ్ళు కల్లం దగ్గర తమ్ముళ్ళను ఆడిస్తూ, ఆరబోసిన కాయలో తాలు ఏరుతూ ఉంటారు. రెండు మూడు వారాలకు బడికి తిరిగొచ్చేసరికి తెలుగు వాచకంలో రెండు పద్యభాగాలు ముందుకెళ్ళిపోయి ఉంటాయి. వాటిని మళ్ళీ చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. పరీక్షలు దగ్గరపడుతుంటాయి.

మాలో కొందరం ఆ పిల్లల్లా కూర్చున్నవాళ్ళం. కొందరం ఇప్పుడు అలాంటి పిల్లలకు పాఠం చెబుతున్నవాళ్ళం. రెండు వైపుల నుంచీ చూశాం కనుక ఒక మాట గట్టిగా చెప్పగలం. మా పిల్లలు తెలుగులో వెనకబడేది కథ దగ్గర కాదు, పాట దగ్గర కాదు. కథనూ పాటనూ విడదీసిన చోట వెనకబడతారు. పద్యం అంటే బడిలో వాళ్ళకు తెలిసింది ప్రతిపదార్థం, తాత్పర్యం, గణవిభజన, చివర ఒక అలంకారం. ఆ పద్యానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతుంది అన్నది వాళ్ళకు అందదు. నాలుగు రోజులు బడి మానిన పిల్లకైతే అసలే అందదు.

అందుకే ఈ వ్యాసంలో ఒక ప్రశ్న వేసుకుంటున్నాం. మొదటి నుంచి చివరిదాకా కవితల్లోనే నడిచే కథను, తమ ఈడు పిల్లే ముఖ్యపాత్రగా ఉన్న కథను, హైస్కూలు పిల్లలు తరగతిలో కలిసి చదివితే ఎలా ఉంటుంది? ఇది బయటినుంచి తెచ్చుకోవలసిన పద్ధతా? మన నేలమీద ఉండి పోగొట్టుకున్నదా?

బయటి సంగతి ముందు చూద్దాం. అమెరికాలో కౌమారంలో ఉన్న పిల్లల కోసం కవితల్లో నవలలు రాయడం 1990ల నుంచి బాగా పెరిగింది. కారెన్ హెస్ రాసిన ‘అవుట్ ఆఫ్ ది డస్ట్’ 1997లో వచ్చింది. 1930లలో ఓక్లహోమాలో దుమ్ము తుఫానులు గోధుమ చేలను మింగేసిన కాలం అందులోది. పదమూడు పద్నాలుగేళ్ళ బిల్లీ జో తన కథను తనే చెబుతుంది. తల్లి పోతుంది. కిరసనాయిలు మంటల్లో పిల్ల చేతులు కాలిపోతాయి. పియానో వాయించే చేతులవి. తండ్రీ కూతురూ ఎండిన చేను పక్కన మళ్ళీ బతకడం నేర్చుకుంటారు. పుస్తకమంతా చిన్న చిన్న కవితలే. ఆ పుస్తకానికి 1998లో న్యూబరీ పతకం వచ్చింది. పదో తరగతి తెలుగులో ‘చిత్రగ్రీవం’ చదివిన పిల్లలకు ఆ పతకం పరాయిది కాదు. ధనగోపాల ముఖర్జీ పావురం కథకు 1928లో దక్కిందీ అదే.

ఆ తర్వాత వియత్నాం యుద్ధం నుంచి పారిపోయి అమెరికా చేరిన పిల్ల కథ ‘ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్’ 2011లో వచ్చింది. నల్లజాతి రచయిత్రి జాక్వెలిన్ వుడ్‌సన్ తన బాల్యాన్ని ‘బ్రౌన్ గర్ల్ డ్రీమింగ్’ పేరుతో 2014లో కవితల్లోనే రాశారు. ఆ రెండింటికీ అక్కడి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. మాకు బాగా దగ్గరగా అనిపించింది మరొకటి. అబెనాకీ తెగ రచయిత జోసెఫ్ బ్రూచాక్ 2021లో ‘రెజ్ డాగ్స్’ అనే కవితా నవల రాశారు. కరోనా కాలంలో మాలియన్ అనే ఆదివాసీ పిల్ల తాతమ్మల దగ్గర చిక్కుకుపోతుంది. ఆ ఖాళీ రోజుల్లో తమ తెగ కథలు వింటుంది. ఒకప్పుడు తమ పిల్లలను ఇళ్ళనుంచి తీసుకుపోయి భాష మరిపించిన బడుల సంగతీ వింటుంది. ఆదివాసీ పిల్ల కథను ఆదివాసే రాశాడు. ఆ పిల్ల అందులో ఎవరికీ అలంకారం కాదు.

ఈ పుస్తకాలను తరగతిలో వాడేవాళ్ళు చెప్పే కారణాలు చాలా సాదా కారణాలు. పేజీలో అక్షరాలు తక్కువ, ఖాళీ ఎక్కువ. చదవడంలో తడబడే పిల్లకు పేజీ చూసి భయం వేయదు. ఒక కవిత ఒక ఘట్టం, దానంతటది నిలబడుతుంది. గొంతెత్తి చదివితేనే రుచి. ఒకరు చదివితే మిగతావాళ్ళు వింటారు. పూర్తిచేసిన పిల్లకు ‘పుస్తకం మొత్తం చదివాను’ అన్న ధైర్యం దక్కుతుంది.

ఇప్పుడు మన నేల సంగతి. గుంటూరు, ప్రకాశం మైదానానికి ఇది కొత్త విద్యేమీ కాదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవం చూసినవాళ్ళకు మేం చెప్పనక్కర్లేదు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులూ కథే. పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి దాయాదుల పోరును వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మాలలు. ఊరి బడి గడప తొక్కనివ్వని కాలంలో కూడా ఊరి చరిత్రను గొంతులో దాచిపెట్టింది వాళ్ళే.

ఆ కథ నడిమధ్యన ఉన్నది ఒక కుర్రవాడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. పెద్దలందరూ యుద్ధానికి పోతే తల్లి ఐతమ్మ కొడుకును దాచుకోవాలని చూస్తుంది. వాడు బొంగరాలాడుతుంటే బొంగరం ఒకామె కాలికి తగులుతుంది. మీవాళ్ళంతా పోరుకు పోతే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడుస్తుంది. ఆ మాటతో ఆట ఆగిపోతుంది. తల్లి భయం, పెళ్ళాం మాంచాల మాట, తాను పెట్టని తగాదాకు తాను తల ఒగ్గవలసిరావడం, ఇవన్నీ పిల్లవాడు పెద్దవాడయ్యే కథే కదా! ఈ కథను ద్విపదలో చెప్పిన ‘పల్నాటి వీరచరిత్ర’ శ్రీనాథుడిదని ప్రతీతి. ద్విపద అంటే రెండేసి పాదాల నడక. చదువు రానివాడు కూడా పట్టుకోగల నడక. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చువేయించారు. పాడేవాళ్ళ కథ వేరు, అచ్చులోని కథ వేరు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ మాల గాయకుడు అలిసెట్టి గాలెయ్య నోటి నుంచి కథంతా విని, దాని ఆధారంగా 1982లో ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ ప్రచురించారు. ఇక్కడి బడిలో మాత్రం బాలచంద్రుడు ఒక పాఠంలో ముక్కగానో, చరిత్రలో ఒక పేరాగానో మిగిలాడు.

గొంతులో నడిచిన కథలు ఒకవైపు ఇలా ఉంటే, రెండోవైపు ఈ మైదానపు బడుల్లోనే కొత్త పద్యకథలు పుట్టాయి. వాటిని రాసినవాళ్ళు తెలుగు పండితులు. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. మిషన్ బడిలో పంతులుగా మొదలుపెట్టి, గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసి, ఆ తర్వాత చాలా ఏళ్ళు తెలుగు పండితుడిగా ఉన్నారు. ‘పిరదౌసి’ 1932లో రాశారు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని రాజు మాట ఇచ్చి తప్పితే కవి ఏం చేశాడన్న కథ అది. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కనుక తన బాధను కాశీలో శివుడికి చెప్పమని ఆ గబ్బిలాన్నే పంపుతాడు ఒక అంటరాని పేదవాడు. కాళిదాసు మేఘంతో చేయించిన పనిని జాషువా గబ్బిలంతో చేయించారు. చివరికి తన బతుకును తానే ‘నా కథ’ పేరుతో పద్యాల్లో చెప్పుకున్నారు. చిన్నతనంలో పడిన అవమానాలతో సహా అన్నీ అందులో ఉన్నాయి. వుడ్‌సన్ తన బాల్యాన్ని కవితల్లో రాయడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే వినుకొండ మనిషి ఆ పని చేసి ఉన్నాడు.

రెండో పండితుడు తుమ్మల సీతారామమూర్తి. 1901లో కావూరులో పుట్టారు. గుంటూరు జిల్లా హైస్కూళ్ళలో తెలుగు పండితుడిగా జీవితం గడిపారు. గాంధీ ఆత్మకథను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆయన ‘మహాత్మకథ’కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గాంధీ బడిపిల్లాడిగా భయపడిన రోజులు, దొంగతనం చేసి తండ్రి ముందు ఒప్పుకున్న రోజు, ఇవన్నీ కౌమారపు కథలే. వాటిని పద్యంలో చెప్పవచ్చునని అనుకున్నది ఒక జిల్లా బడి పంతులు.

అంటే ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో గుంటూరు మైదానంలో పద్యకథ, తరగతి గది ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి. పద్యం చెప్పే పంతులే పద్యకథ రాశాడు. ఉత్తరాంధ్రలో గురజాడ ‘పూర్ణమ్మ’ను అందరికీ అర్థమయ్యే మాటల్లో, పాడుకునే నడకలో అప్పటికే చూపించి ఉన్నారు. ముసలివాడికిచ్చి పెళ్ళిచేసిన చిన్నపిల్ల కథ అది. దారి ఉంది. మరి ఆ దారి తరగతిలో ఎందుకు ఆగిపోయింది?

బడి రెండు పనులు చేసింది. ఒకటి, పద్యకథను ముక్కలు చేసింది. వాచకంలో పది పన్నెండు పద్యాలకు మించి పట్టవు. జాషువా పద్యాలు వాచకాల్లోకి వచ్చాయి, జాషువా కథ రాలేదు. గబ్బిలం ఎక్కడ బయలుదేరి ఎక్కడిదాకా పోయిందో తెలియకుండా దాని రెక్కలోని నాలుగు ఈకలను చూపించినట్టయింది. రెండు, పూర్తి కథ చెప్పాలనుకున్నప్పుడు పద్యాన్ని తీసేసింది. పదో తరగతిలో కొన్నేళ్ళుగా రామాయణం ఉపవాచకంగా వచనంలో చదివారు. కథ మొత్తం కావాలంటే వచనం, పద్యం కావాలంటే ముక్క. ఈ పంపకం ఎప్పుడో స్థిరపడింది. అందులో పంతుళ్ళ తప్పేమీ లేదు. నలభై అయిదు నిమిషాల పీరియడు, సంస్కృత సమాసాలు, పరీక్షలో ప్రతిపదార్థానికి మార్కులు, ఇవన్నీ కలిసి చేసిన పంపకం అది. కాకపోతే దాని నష్టం అందరికన్నా ఎక్కువ పడింది, పాటలో కథను వింటూ పెరిగిన పిల్లల మీద.

ఇక మా సంగతి. తెలుగు పద్యంలో మేము లేమని అనం. ఉన్నాం. ఎలా ఉన్నామన్నదే మాట. ధూర్జటి ‘కాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో తిన్నడు ఉన్నాడు. వేటాడే కుర్రవాడు, శివుడి కంట రక్తం చూసి తన కన్ను తీసి ఇచ్చినవాడు. తెలుగు చదువుకున్నవాళ్ళకు తెలిసిన కథే. ఎంత గొప్పగా చెప్పినా, ఆ పిల్లవాడు కథలోకి వచ్చింది ఇవ్వడానికే. అడవి గురించీ, వాళ్ళమ్మ గురించీ, పెద్దయ్యాక వాడేం కావాలనుకున్నాడన్న దాని గురించీ మనం అడగం. చెంచులక్ష్మి ఉంది. నరసింహస్వామి మెచ్చి పెళ్ళాడిన పిల్లగా ఉంది. ఎరుకలసాని ఉంది. శ్రీనివాసుడు పద్మావతి తల్లి దగ్గరకు సోదె చెప్పడానికి వేసుకున్న వేషంగా ఉంది. ఆ వేషం తీసేశాక ఎరుకల ఆడమనిషి ఎటు పోయిందో ఏ కావ్యమూ చెప్పదు.

ఎరుకల కథ ఈ కాలంలో ఎలా చెప్పారో చూడాలంటే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పోవాలి. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. సాల్వేషన్ ఆర్మీవారు 1913లో ఈ సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. వేలిముద్రలు, పేర్ల పట్టీ, వేళకు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. ‘హాజరు’ అన్న మాట మిగతా పిల్లలకు బడి మాట. ఎరుకల పిల్లల ముత్తాతలకు అది పోలీసు మాట. స్వాతంత్ర్యం తర్వాత కూడా స్టూవర్టుపురం పేరు నవలల్లోకీ సినిమాల్లోకీ వచ్చింది దొంగల ఊరుగానే. ‘స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్’ 1991లో వచ్చింది, ‘టైగర్ నాగేశ్వరరావు’ 2023లో వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పగానే తరగతిలో పక్కవాళ్ళు నవ్వుతారని ఊరి పేరు దాచుకునే పిల్లకు చదవడానికి మనం ఏ పుస్తకం ఇచ్చాం? ఆ ఊళ్ళో పుట్టి, హాజరు పట్టీ కింద పెరిగి, ఒక రోజు చీటీ లేకుండా చీరాల దాకా నడిచి వెళ్ళిన పిల్ల కథ ఉంటే ఎలా ఉండేది? అది ఇంకా ఎవరూ రాయలేదు. రాయవలసినది మేమే.

రాయడానికి మాకు నడక లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. సుగాలీ పెళ్ళిలో ‘ఢావ్లో’ ఉంది. అత్తవారింటికి పోయే పిల్ల అమ్మను, నాన్నను, అన్నను, వదినను, స్నేహితురాలిని ఒక్కొక్కరినే పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. పుట్టిన దగ్గర నుంచి ఇప్పటిదాకా తన బతుకంతా అందులో చెప్పుకుంటుంది. పెద్ద ఆడవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుంటుంది. కానీ పాడేటప్పుడు మాటలు తనవి చేసుకుంటుంది. పదిహేను పదహారేళ్ళ పిల్ల తన కథను తాను, పాటలో, అందరి ముందు చెప్పడం అన్నమాట. కవితల్లో నవల అంటే ఇంకేమిటి? తీజ్ పండుగకు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే పెళ్ళికాని పిల్లల పాటలున్నాయి. వంశాల కథలు పాడే ఢాడీలున్నారు. సముద్ర తీరం నుంచి ఎడ్ల మీద ఉప్పు మోసుకుని దక్కను లోపలికి పోయిన లదేనీ రోజుల జ్ఞాపకాలున్నాయి. రైలు వచ్చి ఆ బేరాన్ని ఆపేసింది. పాటను మాత్రం ఆపలేకపోయింది. ఎరుకల సోదెకు తనదైన నడక ఉంది. చెంచుల వేట పాటలకు, యానాదుల పాటలకు తమ తమ నడకలున్నాయి.

ఆ మాట అచ్చులోకి వచ్చిన రుజువు కూడా ఇప్పుడు ఉంది. నిజామాబాద్ ప్రాంతపు తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ 2018లో ‘బల్దేర్ బండి’ కవితలు తెచ్చారు. ఆ తర్వాత తన కథల పుస్తకానికి ‘ఢావ్లో’ అనే పేరు పెట్టారు. ఆ పుస్తకానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మా ఆడపిల్లల ఏడుపు పాట పేరు అకాడమీ జాబితాలో తెలుగు అక్షరాల్లో పడింది. ఈ మైదానపు తండా పిల్లలకు ఆ సంగతి బడిలో ఎవరైనా చెప్పారా?

ఇంతా చెప్పి, తరగతిలో ఏం చేయాలో చెప్పకపోతే వ్యాసం సగంలో ఆగినట్టే. మాలో కొందరం తెలుగు పీరియడులో మిగిలిన సమయంలోనూ, శనివారం మధ్యాహ్నాల్లోనూ చేసి చూసినవి చెబుతాం.

మొదట చిన్న కథ తీసుకోవాలి. ‘పూర్ణమ్మ’ ఒక పీరియడులో మొత్తం చదవవచ్చు. ప్రతిపదార్థం వద్దు. ఒక్కో పిల్ల కొంత కొంత గొంతెత్తి చదవాలి. అయితే దాని ముగింపు చావు. పదో తరగతి పరీక్షలకు ముందే పెళ్ళి మాటలు నడుస్తున్న పిల్ల ఆ తరగతిలోనే ఉండవచ్చు. కనుక కథను చావు దగ్గర వదిలి గంట కొట్టించుకోకూడదు. పూర్ణమ్మకు ఇంకేం దారులుండాలి, ఎవరికి చెప్పుకోవాలి అన్నది ఆ రోజే మాట్లాడాలి. పద్దెనిమిదేళ్ళు నిండనిదే ఆడపిల్లకు పెళ్ళి చేయకూడదన్న చట్టం సంగతి కూడా ఆ పూటే చెప్పాలి.

తర్వాత ‘గబ్బిలం’. భాష బరువుగా ఉంటుంది, నిజమే. కష్టమైన చోట పంతులు మామూలు మాటల్లో కథ చెప్పాలి. ముఖ్యమైన పద్యాలను వరసలోనే చదివించాలి. గోడమీద పటం తగిలించి గబ్బిలం పోయే దారిని దారంతో గుర్తిస్తూ పోవచ్చు. కథ మొత్తం ఒకసారి కళ్ళముందు నిలిస్తే పద్యం దానంతటదే తేలికవుతుంది. జాషువా కథలో వెలివాడ ఉంది, తండా లేదు, గూడెం లేదు. అది ఆయన తప్పు కాదు. ఎవరి గబ్బిలాన్ని వాళ్ళే పంపుకోవాలని ఆయన పుస్తకమే చెబుతుంది. పిల్లలను అడగాలి: మీరైతే ఎవరిని పంపుతారు, ఎవరి దగ్గరికి, ఏం చెప్పమంటారు?

అక్కడి నుంచి పిల్లల సొంత పేజీలు మొదలవుతాయి. తరగతి అంతా కలిసి ఒక పిల్లను ఊహించాలి. పేరు, ఊరు, ఇంటి భాష, ఇంట్లో ఎవరెవరు, అన్నీ కలిసి నిర్ణయించాలి. ఒక్కొక్కరు ఆ పిల్ల బతుకులో ఒక రోజును ఒక పేజీలో రాయాలి. ఇంటి భాషలో రాస్తానంటే రాయనివ్వాలి. గోర్ బోలీకి, ఎరుకల భాషకు సొంత లిపి లేకపోయినా తెలుగు అక్షరాలు ఆ పనికి సరిపోతాయి. పక్కనే తెలుగు మాట రాసుకోవచ్చు. కోతలకు పోయిన పిల్ల పేజీని ఖాళీగా ఉంచాలి. ఆ పిల్ల తిరిగొచ్చి తన పేజీ తాను నింపుతుంది. కథ ఆమె కోసం ఆగి ఉంటుంది. వాచకం ఎవరికోసమూ ఆగదు. మా అనుభవంలో ఈ పద్ధతికున్న బలమంతా ఇక్కడే ఉంది.

ఒకసారి పది రోజుల తర్వాత వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల అలాంటి ఖాళీ పేజీలో నాలుగు పాదాలే రాసింది. కాయ కోసేటప్పుడు మంట తెలియదట. రాత్రి ఏడుస్తున్న చెల్లి కళ్ళు తుడవబోయినప్పుడు గుర్తొస్తుందట, చేతిలో కారం ఉందని. తుడవకుండా చెయ్యి వెనక్కి తీసుకుందట. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందులో అలంకారం ఏమిటని మేమూ అడగలేదు. బిల్లీ జో కాలిన చేతుల కథను మరునాడు ఆ తరగతికే చెప్పాం. ఎక్కడో ఓక్లహోమాలో కూడా చేతుల గురించి పుస్తకం రాశారా అని ఆ పిల్ల అడిగింది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. వాక్యాన్ని నాలుగు ముక్కలుగా విరిచి ఒకదాని కింద ఒకటి పేర్చితే కవిత కాదు. గొంతెత్తి చదివినప్పుడు ఎక్కడ ఊపిరి ఆగుతుందో అక్కడ పాదం విరగాలి. ఇది పిల్లలకు చెవితోనే తెలుస్తుంది. ఢావ్లోను తరగతిలో పాడి చూపించమని ఏ పిల్లనూ అడగకూడదు. అది ప్రదర్శన కాదు, ఎడబాటు. తండాలో పెద్దమ్మలను అడిగి, వాళ్ళు ఇస్తామన్నంతే తెచ్చుకోవాలి. పిల్ల రాసిన పేజీకి మార్కులు వేయకూడదు. అధికారులు వచ్చిన రోజున గోడకు అంటించి చూపకూడదు. ‘మా గిరిజన పిల్లలు చూడండి’ అని చూపించిన నాడు ఆ పిల్ల మళ్ళీ తిన్నడే అవుతుంది, ఎవరి భక్తికో కన్నిచ్చేవాడు.

ఈ మైదానంలో పద్యకథ ఏ ఒక్కరి సొత్తూ కాదు. వీరవిద్యావంతులు దాన్ని గొంతులో నిలిపారు. జాషువా, తుమ్మల దాన్ని బల్ల ముందు కూర్చుని రాశారు. బడి దాన్ని కోసి తూకం వేసింది. మా ఇళ్ళలోని పాటలు బడి గడప దాటి లోపలికి రానేలేదు. అమెరికాలో ఆదివాసీ పిల్లకు ఆదివాసీ రాసిన కవితా నవల 2021 నాటికి చేతికొచ్చింది. మా సుగాలీ పిల్లకు, ఎరుకల పిల్లకు, యానాది పిల్లకు, చెంచు పిల్లకు అలాంటిది తెలుగులో ఒక్కటి కావాలి. అది మా చేతులతో రాసినదై ఉండాలి.

కనుక ఈ పుస్తకం చదివే టీచర్లను ఒకటే అడుగుతున్నాం. వచ్చే కోతల కాలంలో మీ తరగతిలో ఎవరి స్థలం ఖాళీ అయినా, హాజరు పట్టీలో గైర్హాజరు వేయండి, అది మీ ఉద్యోగం. దాని పక్కనే ఒక నోటుపుస్తకంలో ఆ పిల్ల పేరు రాసి ఒక పేజీ ఖాళీగా ఉంచండి. మేమూ ఉంచుతున్నాం. నిండిన పేజీలను కలిపి కుట్టేది మేమే.